ఎంసెట్ మ్యాథ్స్ 80కి నలభై దగ్గరే ఆగిపోతున్నది, ఎట్ల పెంచుకోవాలె?

ఎంపీసీ_దిల్‌సుఖ్‌నగర్ అడిగిన ప్రశ్న:

అన్నలకు, సార్లకు నమస్తే. సెకండియర్ ఎంపీసీ. ఐపీఈ (ఇంటర్ బోర్డు పరీక్ష) అయిపోయింది, ఇగ ముందున్నది ఎప్‌సెట్. (ఇంట్ల అందరు ఇప్పటికీ ఎంసెట్ అనే అంటరు, నేను గూడ అట్లనే రాస్త.) గ్రాండ్ టెస్టులల్ల ఫిజిక్స్, కెమిస్ట్రీ ఓ దారికొచ్చినయి గని మ్యాథ్స్ మాత్రం 80కి 38 నుంచి 42 మధ్యలనే తిరుగుతున్నది. ఐపీఈల మ్యాథ్స్ మంచిగనే రాసిన. ఏడు మార్కుల లెక్కలు పూర్తిగ వస్తయి. అదే చాప్టర్ల నుంచి బిట్ ఇస్తే ఆగిపోత.

అడిగేవి మూడు. ఉన్న టైమ్‌ల నాలుగు పుస్తకాలు మళ్ల మొదటినుంచి చదవాల్నా, కొన్ని చాప్టర్లు వదిలేసి ముఖ్యమైనవే పట్టుకోవాల్నా? అమీర్‌పేటల, కోఠిల దొరికే షార్ట్‌కట్ పుస్తకాలు పనికొస్తయా? పరీక్షల మ్యాథ్స్ ముందు చెయ్యాల్నా, చివర్ల చెయ్యాల్నా? రోజుకు వంద బిట్లు చేస్తున్న, మార్కు మాత్రం కదుల్తలేదు. "ఇంకా ఎక్కువ బిట్లు చెయ్యి" అనే సలహా తప్ప ఏదైనా చెప్పుండ్రి.

---

సుద్దముక్క:

ముందు పేపర్ ఎలాంటిదో చూద్దాం. 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. అందులో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు, తప్పు రాసినా మార్కు కోయరు. సగటున ప్రశ్నకు 67 సెకన్లు. ఐపీఈ మ్యాథ్స్ పేపర్‌లో 75 మార్కులకు మూడు గంటలు ఇస్తారు. ఏడు మార్కుల లెక్కకు పావుగంట పట్టినా నష్టం లేదు, మధ్యలో ఒక మైనస్ జారినా మిగతా మెట్లకు మార్కులు పడతాయి. ఇక్కడ మెట్లతో పనే లేదు, చివరి సంఖ్య సరిపోతే ఒకటి, లేకపోతే సున్నా. నీకు చాప్టర్ వచ్చు, కానీ అది ఐపీఈ వేగంతో వచ్చు. బిట్ దగ్గర ఆగిపోయేది అందుకే.

వంద బిట్లు చేసినా మార్కు కదలకపోవడానికి నాకు తోచే కారణం ఒకటే. ఆ వందలో డెబ్బై నీకు ఎప్పుడూ వచ్చేవే. తప్పిన ముప్పై ఎందుకు తప్పాయో చూడకుండా మర్నాడు ఇంకో వందకు వెళ్తున్నావు. వారం పాటు కొత్త బిట్లు ఆపెయ్. చివరి రెండు గ్రాండ్ టెస్టుల పేపర్లు తీసి, తప్పిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం రాయి:

తె – అసలు ఎలా చేయాలో తెలియదు.
సూ – సూత్రం గుర్తు రాలేదు, లేదా ఇంకో సూత్రంతో కలిసిపోయింది.
లె – పద్ధతి సరైనదే, లెక్కలో తప్పు.
చ – ప్రశ్న తప్పు చదివావు. 'కానిది ఏది' అంటే 'అయినది' పెట్టడం, వ్యాసార్థం అడిగితే వ్యాసం ఇవ్వడం.
టై – టైమ్ అయిపోయి చూడనే లేదు.

సరైన జవాబుల్లో గాలివాటంగా తగిలినవి కూడా ఉంటాయి. వాటికి 'గా' అని పెట్టు. అవి నీ మార్కులు కావు, ఇంకో రోజు రావు.

మందు ఒక్కోదానికి ఒక్కోటి. 'తె'కు టెక్స్ట్‌బుక్ తెరవాలి. 'సూ'కు సూత్రాల కాగితం ఖాళీగా పెట్టుకొని చూడకుండా రాయాలి, చదివితే సరిపోదు. 'లె'కు ఇంకో వంద బిట్లు చేసి లాభం లేదు, రఫ్ పని చేసే తీరు మారాలి. 'టై'కి ప్రశ్న వదిలిపెట్టడం నేర్చుకోవాలి. అన్నిటికీ ఒకటే మందుగా 'ప్రాక్టీస్' అనడం వల్లే పిల్లలు నలభైలో ఇరుక్కుంటారు.

ఇక చాప్టర్ల సంగతి. నువ్వు చదివిన తెలుగు అకాడమీ పుస్తకాల్లో 1ఎ, 1బి, 2ఎలలో పదేసి, 2బిలో ఎనిమిది, మొత్తం 38 చాప్టర్లు. ప్రశ్నలు 80. అంటే సగటున చాప్టర్‌కు రెండు. పది చాప్టర్లు వదిలేస్తే ఇరవై మార్కులు పరీక్షకు ముందే వదులుకున్నట్టు. కాబట్టి ఏదీ పూర్తిగా వదలకు. అలాగని అన్నిటికీ సమానంగా రోజులు పంచకు. పాక్షిక భిన్నాలు, విస్తరణ కొలతలు, అక్షాల పరివర్తన, బిందుపథం, హైపర్బోలిక్ ఫంక్షన్లు, త్రీడీ నిరూపకాలు, డైరెక్షన్ కొసైన్లు, తలం – ఈ ఎనిమిదీ చిన్నవి. ఒక్కోదానికి ఒక పూట చాలు. ఐపీఈలో వీటికి పెద్ద ప్రశ్నలు తక్కువ కాబట్టి పిల్లలు నిర్లక్ష్యం చేస్తారు. ఇక్కడ మాత్రం వీటి మార్కూ ఇంటిగ్రేషన్ మార్కూ ఒకటే.

ఏ చాప్టర్ నుంచి ఎన్ని వస్తాయన్నది ఎవరో వేసిన పట్టిక చూసి నమ్మకు. ఎప్‌సెట్ సైట్‌లో ఏటా ఒక్కో సెషన్ ప్రశ్నపత్రం, కీ పెడతారు. ఐదారు పేపర్లు దించుకొని, 38 చాప్టర్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ప్రతి ప్రశ్నకూ ఒక గీత పెట్టుకుంటూ పో. ఒక సాయంత్రం పని. అది అయ్యేసరికి ప్రశ్న చూడగానే ఏ చాప్టరో పోల్చుకోవడం కూడా అలవాటవుతుంది. బిట్ దగ్గర సగం టైమ్ పోయేది అక్కడే.

రఫ్‌షీట్ గారు షార్ట్‌కట్ల మీద బాగా చెప్తారు, ఆ ప్రశ్న వారికి వదిలేస్తున్నా.

---

రఫ్‌షీట్:

పిలిచారు కాబట్టి చెప్తున్నా. ఆ పుస్తకాల్లో పనికొచ్చేది పదో వంతు. మిగతాదంతా ఏ ఒక్క రకం ప్రశ్నకో సరిపడే ఫార్ములాలు. మూడు వందల ఫార్ములాలు బట్టీ పడితే 'సూ' తప్పులు పెరుగుతాయి, తగ్గవు. నేర్చుకోదగ్గవి పద్ధతులు. నాలుగైదు ఉన్నాయి. ఒక్కోటి ఎక్కడ మోసం చేస్తుందో కూడా తెలుసుకొని వాడాలి.

విలువ పెట్టి చూడటం. ఆప్షన్లలో ఎన్ ఉంటే ఎన్‌కు చిన్న సంఖ్య పెట్టి ఏది సరిపోతుందో చూస్తాం. అందరూ చేసే తప్పు ఎన్ = 1 పెట్టడం. ఉదాహరణకు ద్విపద గుణకాల్లో సి0 + 2·సి1 + 3·సి2 + … + (ఎన్+1)·సిఎన్ విలువ అడిగారనుకో. ఆప్షన్లు: (ఎన్+2)·2^(ఎన్−1), ఎన్·2^ఎన్ + 1, 2^(ఎన్+1) − 1, (ఎన్+1)·2^ఎన్. ఎన్ = 1 పెడితే మొత్తం 3. మొదటి మూడు ఆప్షన్లూ 3 ఇస్తాయి, నువ్వు మళ్లీ మొదటికొస్తావు. ఎన్ = 2 పెడితే 1 + 4 + 3 = 8. ఆప్షన్లు వరసగా 8, 9, 7, 12. పని అయిపోయింది. కాబట్టి ఎప్పుడూ 2తో మొదలుపెట్టు. రెండు ఆప్షన్లు మిగిలితేనే 3కు వెళ్లు. డిటర్మినెంట్లలో ఎ, బి, సిలకు 0, 1, 1 పెట్టేవాళ్లకూ ఇదే గతి. 1, 2, 3 పెట్టు.

త్రిభుజ ధర్మాలు. సమబాహు త్రిభుజం పెట్టకు, అన్ని ఆప్షన్లూ ఒకేలా వస్తాయి. 3, 4, 5 త్రిభుజం విలువలు నోటికి రావాలి: ఎస్ (చుట్టుకొలతలో సగం) = 6, వైశాల్యం 6, అంతర వ్యాసార్థం 1, పరివృత్త వ్యాసార్థం 2.5, బాహ్య వ్యాసార్థాలు 2, 3, 6. అర్ధకోణాల ట్యాన్ విలువలు 1/3, 1/2, 1. ఇది లంబకోణ త్రిభుజం కాబట్టి కాస్ సి సున్నా అవుతుంది. ఆప్షన్లలో కాస్ సి ఉంటే రెండు మూడు ఒకటైపోతాయి. అప్పుడు 13, 14, 15 త్రిభుజం తీసుకో: ఎస్ = 21, వైశాల్యం 84, అంతర వ్యాసార్థం 4, పరివృత్త వ్యాసార్థం 65/8, బాహ్య వ్యాసార్థాలు 10.5, 12, 14. ఈ రెండు త్రిభుజాలు చేతిలో ఉంటే ఈ చాప్టర్ సూత్రాల్లో చాలావాటిని బట్టీ పట్టనక్కర్లేదు.

అనిశ్చిత సమాకలనులు. ఆప్షన్‌ను అవకలనం చేసి ప్రశ్నతో పోల్చడం. ఎక్స్ = 0 పెట్టి పోల్చడం సులువు, మోసం కూడా అక్కడే. ఎక్స్·ఇ^ఎక్స్ సమాకలని అడిగితే (ఎక్స్−1)·ఇ^ఎక్స్ అవకలని ఎక్స్ = 0 దగ్గర సున్నా, ప్రశ్నకు సరిపోయింది. కానీ ఎక్స్²·ఇ^ఎక్స్/2 అవకలని కూడా అక్కడ సున్నాయే. ఎక్స్ = 1 పెడితే మొదటిది ఇ, రెండోది 1.5 ఇ, తేడా బయటపడుతుంది. ఆప్షన్లు ఒక్కోటి అర లైన్ పొడుగుంటే ఈ పద్ధతి మానెయ్. నాలుగూ అవకలనం చేసేలోపు మామూలుగా చేసినా వచ్చేస్తుంది.

నిశ్చిత సమాకలనుల్లో ఎక్స్ బదులు (ఎ + బి − ఎక్స్) పెట్టే ధర్మం ఒక్కటి పూర్తిగా అర్థమైతే చాలు. 2 నుంచి 7 వరకు √ఎక్స్ / (√ఎక్స్ + √(9−ఎక్స్)) ఉంటే, 2 + 7 = 9 కాబట్టి జవాబు అవధుల తేడాలో సగం, 5/2. పది సెకన్లు. అదే లోపల 9 బదులు 10 ఉంటే ఈ సూత్రం చెల్లదు. అయినా చేయి అలవాటుగా 5/2 మీదికి పోతుంది. అవధులు కూడి చూశాకే వాడు.

సమీకరణ వాదంలో మూలాలు అడిగితే లెక్క చేయొద్దు, ఆప్షన్లలోని మూలాల మొత్తం, లబ్ధం గుణకాలతో సరిపోతాయో చూడు. చాలాసార్లు ఒకటే మిగులుతుంది.

అయితే ఇవన్నీ రెండో పనిముట్లు. చాప్టర్ రాకుండా వీటి మీద ఆధారపడేవాళ్లకు ఇవి పేపర్‌లో పది పన్నెండు ప్రశ్నలకు పనికొస్తాయేమో, అంతకు మించి రావు.

---

ఎంపీసీ_దిల్‌సుఖ్‌నగర్:

సుద్దముక్క సార్ చెప్పినట్టు నిన్న పోయిన గ్రాండ్ టెస్ట్ పేపర్ ముందటేసుకొని కూసున్న. 80ల కరెక్ట్ 41, తప్పు 23, వదిలేసినయి 16. తప్పులల్ల లె 9, సూ 6, చ 4, తె 4. వదిలేసినవాట్ల టై 11, తె 5. కరెక్ట్‌లల్ల 'గా' 3 ఉన్నయి. నాకు చాప్టర్లు వస్తలేవనే అనుకున్న గని తె మొత్తం కలిపి తొమ్మిదే.

---

సుద్దముక్క:

చూశావా, రాకపోవడం కన్నా చేజారడం ఎక్కువ ఉంది. లె, చ కలిపి 13. ఈ పదమూడూ నీకు వచ్చిన లెక్కలే. సగం ఆపగలిగినా ఆరు మార్కులు. చూడని 11లో, మొదటి చుట్టులో మొండి ప్రశ్నల దగ్గర కూర్చోకపోతే, కనీసం ఐదు వచ్చేవి ఉంటాయి. ఇంకో మాట, కొంచెం గట్టిగానే అంటున్నా: నెగెటివ్ లేని పేపర్‌లో 16 ఖాళీగా వదిలి రావడం ఏంటి? కళ్లు మూసుకొని పెట్టినా సగటున నాలుగు వస్తాయి. ఈ మూడూ చేస్తే ఒక్క కొత్త చాప్టర్ చదవకుండానే యాభై దాటాలి.

'లె' తొమ్మిదీ ఎక్కడ జరిగాయో మళ్లీ చూడు. నా అంచనా, సగానికి పైగా ఈ కింది చోట్లే ఉంటాయి.

వృత్తాలు: ఎక్స్² గుణకం 1 కాకుండా ఇస్తారు. 2ఎక్స్² + 2వై² − 8ఎక్స్ + 12వై + … అని ఉంటే ముందు 2తో భాగించాలి. కేంద్రం (2, −3). భాగించకుండా (4, −6) అని పెట్టేవాళ్లకోసం ఆ ఆప్షన్ కూడా సిద్ధంగా ఉంటుంది.

సరళరేఖాయుగ్మాలు: ఎక్స్‌వై గుణకం 2హెచ్, హెచ్ కాదు. ఎక్స్² − 5ఎక్స్‌వై + 6వై² = 0లో హెచ్ = −5/2, కోణం ట్యాన్ 1/7. హెచ్ = −5 అనుకుంటే రూట్ 19 వస్తుంది. అలాంటి వికారమైన సంఖ్య వచ్చిందంటే గుణకం సగం చేయలేదని అనుమానించు.

మాత్రికలు: 3×3 మాత్రికను 2తో గుణిస్తే నిర్ధారకం 8 రెట్లు అవుతుంది, రెండు రెట్లు కాదు. నిర్ధారకం 3 ఉంటే 2ఎ నిర్ధారకం 24, దాని అడ్జాయింట్ నిర్ధారకం 24 వర్గం, 576.

విలోమ త్రికోణమితి: ట్యాన్ ఇన్వర్స్ 2 + ట్యాన్ ఇన్వర్స్ 3. సూత్రంలో పెడితే ట్యాన్ ఇన్వర్స్ (−1), వెంటనే −π/4 అని పెడతారు. రెండూ ధన సంఖ్యలు, మొత్తం రుణం ఎలా అవుతుంది? లబ్ధం 6, ఒకటి కన్నా ఎక్కువ, కాబట్టి π కలపాలి: 3π/4. అలాగే సైన్ ఇన్వర్స్ (సైన్ 5) అంటే 5 కాదు, 5 − 2π. వ్యాప్తి −π/2 నుంచి π/2 అన్నది మర్చిపోవడమే ఇక్కడి తప్పంతా.

అవధులు: లోపిటాల్ నియమం వాడే ముందు 0/0 అవుతుందో లేదో చూడరు. హారం సున్నా కాకపోతే నేరుగా విలువ పెట్టడమే.

నీ 'చ' తప్పులకు ఒకటే మార్గం: లెక్క మొదలుపెట్టే ముందు రఫ్ కాగితం మీద అడిగింది ఒక్క ముక్కలో రాయి – 'వ్యాసం?', 'కానిది?', 'మొత్తం?' అని. మూడు సెకన్లు పడుతుంది. పెద్ద తేడా వస్తుంది.

'సూ' ఆరింటికి: రోజూ పొద్దున ఒక చాప్టర్ సూత్రాలు తెల్ల కాగితం మీద చూడకుండా రాసి, తర్వాత పుస్తకంతో సరిచూడు. తప్పినవాటికే ఎర్రగీత. మూడు రోజుల తర్వాత ఆ ఎర్రగీతలే మళ్లీ రాయి. దీంతోపాటు 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు, సైన్ 18 = (√5−1)/4, కాస్ 36 = (√5+1)/4, ట్యాన్ 22½ = √2−1 – ఇవి ఆలోచించకుండా రావాలి. క్యాలిక్యులేటర్ లేదు కదా.

తప్పిన ప్రశ్నలు సొల్యూషన్ చూసి 'ఓ ఇంతేనా' అనుకొని వదిలేయకు. మూడో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి చూడకుండా చేయి. రెండోసారి కూడా తప్పితే అది 'లె' కాదు, 'తె'. అక్షరం మార్చు.

---

నల్లకుంట_అన్న:

సార్లు చదువు చెప్పిండ్రు, నేను పరీక్ష హాల్ సంగతి చెప్త తమ్మి.

కాగితం మీద ఎన్ని టెస్టులు రాసినా సీబీటీల, అంటే కంప్యూటర్ మీద రాసే పరీక్షల, ఒకటి తేడా కొడ్తది. ప్రశ్న తెర మీద ఉంటది, నువ్వు రఫ్ కాగితం మీద చేస్తవ్. మధ్యల ఎత్తిరాసేటప్పుడు గుర్తు మారుతది, −3 కాస్త 3 అయితది. నీ 'లె' తొమ్మిదిల ఇవి ఎన్నున్నయో చూసుకో. కాలేజీ టెస్ట్ కాగితం మీద పెట్టిండ్రనుకో, అసలు పరీక్షల ఇవి ఇంకా పెరుగుతయి. అందుకే ఇప్పటి నుంచి పేపర్ ల్యాప్‌టాప్ల తెరిచి, పక్కన రఫ్ కాగితం పెట్టుకొని చెయ్యి. ఫోన్ల వద్దు, అది ఆ తీరుగ ఉండదు. ఇంట్ల కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్ల కూసొని సైట్ల ఉన్న మాక్ టెస్ట్ అయినా చేసిరా, బటన్లన్న అలవాటైతయి. ఆప్షన్ పెట్టినంక 'సేవ్ అండ్ నెక్స్ట్' కొట్టాలె. పక్కన నంబర్ మీద నొక్కి వేరే ప్రశ్నకు దుంకితే పెట్టిన జవాబు సేవ్ కాదు.

రఫ్ కాగితం నిలువుగ రెండు మడతలు పెట్టి మూడు గళ్లు చేసుకో. ప్రతి లెక్కకు నంబర్ వేసి కింద గీత గీయి. మళ్ల తిరిగొచ్చినప్పుడు ఆడికెళ్లే మొదలుపెట్టొచ్చు. నంబర్ లేకుంటే అదే లెక్క మళ్ల మొదటికెళ్లి చెయ్యాలె, రెండు నిమిషాలు పాయె.

మ్యాథ్స్ ముందా చివరనా అని అడిగినవ్. నా లెక్క ఇట్ల: మ్యాథ్స్ తోనే మొదలువెట్టు, 60 నిమిషాలు ఒక చుట్టు. చూసిన ఇరవై సెకన్లల దారి కనవడ్తే చెయ్యి, కనవడకుంటే వదిలెయ్. ఇట్ల 80 ప్రశ్నలూ ఒకసారి కంటవడాలె, అది ముఖ్యం. ఆ తర్వాత కెమిస్ట్రీకి 30, ఫిజిక్స్‌కు 45. మిగిలిన 45ల 35 నిమిషాలు మ్యాథ్స్ రెండో చుట్టు. చివరి పది నిమిషాలు ఖాళీలు నింపుడు. నింపేటప్పుడు గూడ ఒక పద్ధతి: రెండు ఆప్షన్లు కొట్టేయగలిగినవి ముందు నింపు, సగం తగుల్తయి. అసలేం తెల్వని వాటికి ఆలోచన వద్దు, అన్నిటికీ ఒకటే నంబర్ పెట్టి లేచిరా.

ఇంకోటి. సెషన్లు పొద్దున 9 నుంచి 12, మధ్యాహ్నం 3 నుంచి 6. హాల్ టికెట్ల నీది ఏదో చూసుకొని చివరి వారం టెస్టులు అదే టైమ్‌కు రాయి. మధ్యాహ్నం సెషన్ వస్తే తిన్నంక పండుకునే అలవాటు ఇప్పుడే మానుకో. ఇంట్ల గోల ఉంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల కూసో.

---

సుద్దముక్క:

నల్లకుంట అన్న గారితో ఒక్క చోట విభేదిస్తా. మ్యాథ్స్‌తో మొదలుపెట్టి మొదటి పది ప్రశ్నల్లో నాలుగు మొండివి తగిలితే కొందరు పిల్లలు అక్కడే బెదిరిపోతారు. అలాంటివాళ్లకు కెమిస్ట్రీ ముందు చేయడం మంచిది. ముప్పై నిమిషాల్లో నలభై ప్రశ్నలు చూసేశామన్న ధీమాతో మ్యాథ్స్‌కు వస్తారు. ఏది నీకు నప్పుతుందో మేం చెప్పలేం. రెండు టెస్టులు అలా, రెండు టెస్టులు ఇలా రాసి, 'టై' అక్షరాలు ఎందులో తక్కువుంటే అది పట్టుకో. పరీక్షకు వారం ముందు మాత్రం వరస మార్చకు. రెండో చుట్టుకు 35 నిమిషాలు మిగలాలన్న మాటలో మాత్రం వారిదే సరైన లెక్క.

మార్కులు సమానమైతే ర్యాంకుకు మొదట చూసేది కూడా మ్యాథ్స్ మార్కులే. అందుకని ఫిజిక్స్‌లో మొండి ప్రశ్న మీద మూడు నిమిషాలు పెట్టే బదులు మ్యాథ్స్‌లో రెండు తేలికవి చూసుకోవడం ఎప్పుడూ లాభమే.

---

కూకట్‌పల్లి_అమ్మ:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయి సీబీఎస్ఈ పన్నెండు రాసింది. జేఈఈ మెయిన్ కోసం చదివింది కాబట్టి ఎంసెట్‌కు వేరే ఏం చదవక్కర్లేదు అంటోంది. మాక్ టెస్ట్‌లో చూస్తే మ్యాథ్స్‌లో కొన్ని ప్రశ్నలు అసలు ఎప్పుడూ చూడనట్టే ఉన్నాయట. ఏ చాప్టర్లు అదనంగా చదవాలి?

---

సుద్దముక్క:

అమ్మా, మీ అమ్మాయికి చాప్టర్లు తక్కువైన మాట నిజం. ఎప్‌సెట్ ప్రశ్నలు మన ఇంటర్ సిలబస్ మీద వస్తాయి. సీబీఎస్ఈ పిల్లలు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో లేనివి, లేదా పేరుకు మాత్రమే ఉన్నవి ఇవి: సరళరేఖాయుగ్మాలు, అక్షాల పరివర్తన, త్రిభుజ ధర్మాలు, హైపర్బోలిక్ ఫంక్షన్లు, డిమోయర్ సిద్ధాంతం, సమీకరణ వాదం, వృత్త సరణులు. పాక్షిక భిన్నాలు వాళ్లకు ఇంటిగ్రేషన్‌లో భాగంగా వస్తాయి కాబట్టి కొత్త కాదు. తలం ఇప్పటి ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో లేదు, ఇక్కడ ఉంది. శాంకవాలు వాళ్లకు సమీకరణాలతో ఆగిపోతాయి. ఇక్కడ స్పర్శరేఖ, అభిలంబరేఖల మీద కూడా అడుగుతారు. జేఈఈకి చదివి ఉంటే అది కొంత వచ్చే ఉంటుంది. లీనియర్ ప్రోగ్రామింగ్ ఇక్కడ లేదు, దాన్ని పక్కన పెట్టొచ్చు.

వరస ఇలా పెట్టండి. ముందు సరళరేఖాయుగ్మాలు, దాంతో అక్షాల పరివర్తన, రెండూ కలిపి రెండు రోజులు. తర్వాత త్రిభుజ ధర్మాలు రెండు రోజులు, పైన రఫ్‌షీట్ చెప్పిన రెండు త్రిభుజాలతో సహా. డిమోయర్, ఏకకపు ఘనమూలాలు ఒక రోజు. సమీకరణ వాదం రెండు రోజులు, వర్గ సమీకరణాలు బాగా వస్తే ఒకటిన్నర. వృత్త సరణుల్లో లంబచ్ఛేద వృత్తాల నియమం, మూలాక్షం, మూలకేంద్రం మాత్రం చూస్తే ఒక రోజు. హైపర్బోలిక్, తలం ఒక్కో పూట.

జేఈఈ అలవాటు ఒకటి ఇక్కడ నష్టం చేస్తుంది, అది కూడా చెప్పండి. అక్కడ మ్యాథ్స్ ప్రశ్నలు 25, ఒక్కోటి 4 మార్కులు, తప్పుకు 1 కోత. కాబట్టి ఒక ప్రశ్న మీద మూడు నాలుగు నిమిషాలు కూర్చోవడం, అనుమానం ఉంటే వదిలేయడం అలవాటై ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ తప్పే. కష్టమైన లెక్క చేయగలిగిన పిల్ల తేలిక లెక్కలు యాభై సెకన్లలో ముగించడం విడిగా సాధన చేయాలి. రోజూ ఒక పాత పేపర్ తీసి, మ్యాథ్స్‌లో మొదటి 40 ప్రశ్నలకు గడియారం పెట్టి 40 నిమిషాలు.

పుస్తకాలకు తెలుగు అకాడమీ ఇంగ్లిష్ మీడియంవి సరిపోతాయి. కోఠి పాత పుస్తకాల దుకాణాల్లో వెతికితే దొరుకుతాయి. పైన చెప్పిన చాప్టర్లలో సాధించిన ఉదాహరణలు, ఆ వెంటనే అభ్యాసంలోని రెండు మార్కుల ప్రశ్నలు చేయించండి. ఏడు మార్కుల నిరూపణల జోలికి వెళ్లనక్కర్లేదు.